వెనక నడిచేవాడు

ఓబులేసుకు మూడేళ్లుగా ఒకటే బాధ. అడవిలో అందరికన్నా వెనక నడవాల్సి రావడం.

గుండ్లకొండ అభయారణ్యం ఆకాశాన్నంటే చెట్లున్న అడవి కాదు. రేగు, బలుసు, కలివి పొదలు, మధ్యమధ్య గులకరాళ్లు పరుచుకున్న బయళ్లు, అక్కడక్కడా ఒక తుమ్మ. దూరం నుంచి చూస్తే ఇక్కడేముందిలే అనిపిస్తుంది. ఓపికున్నవాళ్లకు మాత్రం ఆ పొదల్లోనే జింక కనబడుతుంది, ఏదుపంది ముల్లు దొరుకుతుంది, కౌజుపిట్ట తన పిల్లల్ని వెంటబెట్టుకుని ఈ పొద నుంచి ఆ పొదకు పరుగెత్తుతూ కనబడుతుంది. వాటిని చూడాలని ఎక్కడెక్కడి నుంచో మనుషులు వస్తారు. వాళ్లను నడిపించి అడవి చూపించేది మంతన్న.

మంతన్న చెంచు. డెబ్బై దాటినవాడు. ఎక్కువ మాట్లాడడు. ఓబులేసు నంద్యాలలో జువాలజీ చదివి, పిట్టల పేర్లు మూడు భాషల్లో కంఠతా పట్టి, దారి చూపే పని నేర్చుకోవడానికి ఆయన దగ్గర చేరాడు.

ఆ పనిలో మంతన్నకు ఒక పద్ధతి ఉంది. చేతికర్ర పట్టుకుని గురువు ముందు నడుస్తాడు. మధ్యలో అడవి చూడ్డానికి వచ్చినవాళ్లు. చిట్టచివర శిష్యుడు. జనం కాళ్లు తగిలి తిరగబడ్డ రాళ్లను మళ్లీ ఎట్లా ఉండేవో అట్లా పెట్టడం చివర నడిచేవాడి పని. అడవిలో ప్రతి రాయికీ ఎండ వైపు ఒకటి, నేల వైపు ఒకటి ఉంటుంది. నేల వైపు నల్లగా, కాస్త తేమగా ఉంటుంది. దాని నీడన తేళ్లు, చీమలు, నలికిరి పాములు కాపురాలు పెట్టుకుని ఉంటాయి. రాయి తిరగబడిందంటే వాటి ఇంటి కప్పు లేచిపోయినట్టే.

మొదటి రోజు మంతన్న ఒక్క మాట చెప్పాడు.

“రాయి పెట్టే ముందు కింద చూడు. ఏదైనా వచ్చి కూచునింటాది. చూడకుండా పెడితే నలిగిపోతాది.”

అంతే. మళ్లీ మూడేళ్లలో పాఠమని చెప్పి ఆయన నోరు తెరవలేదు. చదివింది జువాలజీ, చేస్తున్నది రాళ్లు సర్దే కొలువు. ఇంటికి పోతే “ఏం చేస్తాండావు నాయనా?” అని చుట్టాలు అడుగుతారేమోనని ఓబులేసు పెళ్లిళ్లకు వెళ్లడం కూడా మానేశాడు.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక సాయంత్రం ఇక ఉండబట్టలేక అడిగేశాడు. మంతన్న గుడిసె ముందు కూర్చుని వాచిన మోకాలికి ఆముదం రాసుకుంటున్నాడు.

“తాతా, మూడేండ్లాయె. రాళ్లు సర్దేది తప్ప నువ్వు నాకేం నేర్పితివి?”

మంతన్న మోకాలి మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

“ముందర నడవాలని ఉందా?”

“ఉంది.”

గోడకు ఆనించిన చేతికర్ర తీసి ఓబులేసు చేతికిచ్చాడు మంతన్న.

“రేపు హైదరాబాదోళ్లు వస్తాండారంట, ఎనిమిది మంది. నువ్వే తోలుకోని పో. నా మోకాలు లేచేటట్టు లేదు.” వాచిన కాలు చాపుకుంటూ అడిగాడు. “మరి వెనక ఎవరు నడుస్తారు?”

ఓబులేసుకు నవ్వొచ్చింది. “ఒక్కపూటకు రాళ్లు యాడికి పోతాయిలే తాతా.”

మంతన్న మళ్లీ ఆముదం చేతిలోకి తీసుకున్నాడు.

మర్నాడు తెల్లవారగానే ఎనిమిది మందీ దిగారు. మెడల్లో మూరెడు పొడుగు కెమెరాలు. వాళ్లకు పెద్ద చక్రపాణి అనే ఆయన. రెండు గంటలు నడిచినా నాలుగు నెమళ్లు, దూరంగా రెండు జింకల వీపులు తప్ప ఏమీ కనబడలేదు. అడవి అంతే. పిలిస్తే పలకదు. ఆ సంగతి మంతన్నతో వచ్చి ఉంటే వాళ్లకు ఎవరూ చెప్పకుండానే తెలిసేది, ఎందుకంటే ఆయన వెంట ఎవరూ గట్టిగా మాట్లాడరు.

“ఏమయ్యా, నెమళ్లు మా అపార్ట్‌మెంట్ వెనకే తిరుగుతాయి. వాటి కోసమా ఇంత దూరం వచ్చాం? ఇంకేమన్నా చూపించు,” అన్నాడు చక్రపాణి.

ఓబులేసుకు చురుక్కుమంది. చూపించడానికేమీ లేనప్పుడు మాటలే దిక్కు. మొదలుపెట్టాడు. ఎలుగుబంటి పుట్ట ఎట్లా తవ్వుతుందో, ఒంటినిండా పొలుసులున్న అలుగు ఎట్లా ఉండలా ముడుచుకుంటుందో చెబుతూ, అరచేతిలో వైకుంఠం చూపించాడు. వాళ్ల మొహాల్లో నవ్వులు కనబడేసరికి ఉత్సాహం పెరిగింది. పెద్ద పెద్ద గైడ్లు జనం వైపు తిరిగి వెనక్కి నడుస్తూ మాట్లాడటం ఏదో వీడియోలో చూశాడు. తనూ అట్లాగే తిరిగాడు. ముందు నడిచేవాడు దారికి వీపు పెట్టి నడిచాడు.

ఎర్రబయలు అని పిలిచే గులకరాళ్ల బయలు చేరేసరికి నెత్తి మీద తీతువు పిట్ట అరవడం మొదలుపెట్టింది. ఆగకుండా, గొంతు చించుకుని అరుస్తోంది.

“అయ్యో, తీతువు! అపశకునం కదూ?” అంది గుంపులో ఒకావిడ.

ఓబులేసుకు ఇంతకన్నా ఏం కావాలి! చదువుకున్నవాడు కదా.

“శకునం, గికునం ఏం లేదు మేడం. అది హెచ్చరిక. తీతువు ఊరికే అరవదు. దగ్గర్లో ప్రమాదం ఏదైనా కనబడితేనే అరుస్తుంది. ఈ అరుపు చూస్తే...” గొంతు తగ్గించాడు. “చిరుత అయి ఉండొచ్చు.”

ఎనిమిది కెమెరాలూ ఒక్కసారి పొదల వైపు లేచాయి. పిట్ట ఇంకా కిందికి దిగింది. ఓబులేసు తలకు తగిలేంత దగ్గరగా వచ్చి, అరిచి, మళ్లీ లేచింది.

“చూశారా! మనకే చెబుతోంది!” అంటూ ఓబులేసు ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇంకో అడుగు వేశాడు.

ఎడమ మడమ కింద ఏదో పటుక్కుమంది.

చిన్న చప్పుడు. ఎవరికీ వినబడలేదు. ఓబులేసుకు మాత్రం కాలి నుంచి గుండె దాకా పాకింది. చూడకుండానే తెలిసిపోయింది. తీతువు గూడు కట్టదు. బయల్లో రాళ్ల మధ్యనే రాళ్ల రంగు గుడ్లు పెడుతుంది. పరీక్షలో ఈ ప్రశ్నకు ఐదుకు ఐదు మార్కులు తెచ్చుకున్నవాడు ఓబులేసు.

ఓరకంట చూశాడు. బూటు అంచున పసుపు పచ్చగా జారుతోంది.

జనమంతా చిరుత కోసం పొదల్లోకి చూస్తున్నారు. ఓబులేసు బూటు లేసు కట్టుకునేవాడిలా గొంతుక్కూర్చున్నాడు. పక్కనే జానెడు వెడల్పు పలకరాయి ఒకటి ఉంది. దాన్ని తిప్పి, గుడ్ల మీదికి లాగేశాడు. చూపు మాత్రం అటు తిప్పలేదు. చూస్తే ఏం కనబడుతుందోనని భయం.

“పదండి, పదండి. చిరుత ఉన్న చోట ఆగకూడదు,” అన్నాడు లేచి.

వాళ్లు పరుగులాంటి నడకతో, సంబరంగా కదిలారు. తీతువు బయలు అంచు దాకా వెంటపడి అరిచి వెనక్కి వెళ్లిపోయింది.

తిరిగి వెళ్లేముందు చక్రపాణి సందర్శకుల పుస్తకంలో పెద్ద అక్షరాలతో రాసి, అందరికీ వినిపించేలా చదివాడు. “అద్భుతమైన గైడ్. చిరుతకు అడుగు దూరంలోకి తీసుకెళ్లాడు. పిట్టల భాష తెలిసినవాడు.”

అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకు ఓబులేసు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

సాయంత్రం గుడిసె ముందు బూట్లు విప్పి లోపలికి వెళ్లాడు. మంతన్న సంకటి ముద్ద పెట్టి, ఎదురుగా కూర్చున్నాడు.

“ఏం చూస్తిరి?”

“నెమళ్లు. రెండు జింకలు.” ఓబులేసు ముద్ద మీంచి తల ఎత్తలేదు. “తీతువు అరిచింది.”

“యాడ?”

“ఎర్రబయలు కాడ.”

“ఎవుర్ని చూసి?”

అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. నోటి దాకా వచ్చింది కూడా. పుస్తకంలో రాసిన అక్షరాలు కళ్ల ముందు మెదిలాయి.

“చిరుతను చూసినట్టుండె తాతా.”

మంతన్న వాకిలి వైపు చూశాడు. బయట విప్పిన బూట్లలో ఎడమ బూటుకు మాత్రం చీమల బారు పట్టింది. గోడ కింద నుంచి గీత గీసినట్టు వచ్చి, మడమ దగ్గర గుంపు కట్టాయి. ఆయన కుంటుకుంటూ లేచి వెళ్లాడు. బూటు చేతిలోకి తీసుకుని, ఒక్క చీమా నలగకుండా నోటితో ఊది, గోడకు ఆనించి పెట్టాడు. లోపలికి వచ్చి “తిను, చల్లారిపోతాంది,” అన్నాడు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఓబులేసు చెయ్యి దానంతటదే తన కాలి మీదికి పోయింది. తాతకు తెలిసిందా, తెలియలేదా? తిట్టి ఉంటే బాగుండేది. చెంప మీద ఒకటి కొట్టినా బాగుండేది. తిన్నాననిపించి లేచాడు. తర్వాత బూటు తీసుకుపోయి ఇసుకతో తోమాడు, నీళ్లతో కడిగాడు. నీచు వాసన పోయినట్టే ఉంది, మళ్లీ వస్తోంది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరు వచ్చారు. కడపలో పంతులమ్మగా చేసి రిటైరైన విశాలాక్షి, ఆమె భర్త. ఆమె మెడలో పాత దుర్భిణి ఒకటి.

మంతన్న మోకాలికి గుడ్డ చుట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. ఓబులేసు కర్ర తెచ్చి ఆయనకు అందించబోయాడు. మంతన్న తీసుకోలేదు.

“నువ్వే ముందర.”

“నీ మోకాలు ఎట్ల తాతా?”

“వెనక నడిచేటోనికి తొందరేముంది.”

మూడేళ్లుగా కోరుకున్నది అడక్కుండా చేతికొచ్చింది. ఓబులేసుకు మాత్రం తల కొట్టేసినట్టయింది. డెబ్బై ఏళ్ల మనిషి, కుంటి కాలితో, తన వెనక రాళ్లు సర్దుకుంటూ వస్తాడు!

“కొండ వైపు పోదాం. ఎర్రబయలు కాడ ఏమీ లేదు,” అన్నాడు.

“కొండ ఎక్కలేను. ఎర్రబయలే పోదాం,” అన్నాడు మంతన్న.

నడిచారు. ఓబులేసు ఈసారి ఒక్క మాటా మాట్లాడలేదు. వెనక నుంచి ఉండుండి టక్కుమని చిన్న చప్పుడు. మంతన్న ఒక రాయి సర్దాడు. మళ్లీ నాలుగడుగులు. మళ్లీ టక్కు. మూడేళ్లు ఆ చప్పుడు తానే చేసినా, ముందు నుంచి వింటే ఎట్లా ఉంటుందో ఓబులేసుకు ఇప్పటిదాకా తెలియదు. ఒక్కో చప్పుడుకూ నిన్నటి మడమ కింది చప్పుడు గుర్తొస్తోంది.

ఎర్రబయలు రాగానే తీతువు లేచింది. గొంతు బొంగురుపోయింది దానికి. అయినా అరుస్తూనే ఉంది. ఇంకెవరినీ పట్టించుకోకుండా ఓబులేసు తల చుట్టూనే తిరుగుతోంది.

విశాలాక్షి దుర్భిణి దించి అడిగింది. “పాపం, ఎవర్ని చూసి అట్ల అరుస్తాంది నాయనా?”

ఓబులేసు వెనక్కి చూశాడు. మంతన్న ఒక రాయి చేతిలో పట్టుకుని వంగి ఉన్నాడు. ఇటు చూడటం లేదు. రాయి కింద నేలను చూస్తున్నాడు. చిరుత అని మళ్లీ అనొచ్చు. ఆయన కాదనడు. దానికే భయమేసింది. ఆయన కాదనకుండా ఊరుకుంటాడు, ఇక ఎప్పటికీ ఊరుకుంటాడు.

“నన్ను చూసి అమ్మా,” అన్నాడు ఓబులేసు. “నిన్న ఈడ దాని గుడ్లు తొక్కినా. నన్ను చూసి అది అరుస్తాంటే, చిరుతను చూసి అరుస్తాందని అందరికీ చెప్పినా. తాతకు కూడా అబద్ధమే చెప్పినా.”

విశాలాక్షి దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేసింది.

“తెలిసి తొక్కలేదు కదా. ఒప్పుకునేదానికి ఎంత ధైర్యం కావాల! అంతమంది పిల్లోళ్లకు చదువు చెప్పినా, నీ మాదిరి ఒప్పుకున్నోళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.”

ఓబులేసు గుండెల మీది బరువు దిగింది. నిజం చెప్పాలంటే, దిగడమే కాదు, కాస్త మునగచెట్టు కూడా ఎక్కాడు. ఎంత నిజాయితీపరుణ్ణి నేను అనిపించింది. మనిషి మనసు ఇంతే. తప్పు ఒప్పుకునేటప్పుడు కూడా ఎక్కడైనా ఒక పూలదండ దొరుకుతుందా అని వెతుక్కుంటుంది.

మంతన్న వెనక నుంచి మెల్లగా ముందుకొచ్చాడు.

“గుడ్లు యాడ?”

“ఆ రాయి కింద.” ఓబులేసు వేలు చూపించాడు. “నేనే కప్పినా.”

పలకరాయి తిరగబడి ఉంది. నల్లటి నేల వైపు ఆకాశానికి పెట్టి, ఎండలో తెల్లబారి ఉంది. దాని చుట్టూ ఇసుకలో పిట్ట అడుగులు. ఒకటీ రెండూ కాదు. రాయి చుట్టూ తిరిగి, తిరిగి, తిరిగి, అక్కడ ఒక బాట పడిపోయింది.

మంతన్న వాచిన మోకాలు చాపుకుని కష్టంగా కూర్చున్నాడు. రెండు చేతులతో రాయిని పైకెత్తాడు.

పెంకులు. వాటి మీద చీమలు. మూడు గుడ్లు చితికిపోయి ఉన్నాయి.

నాలుగోది, ఒక పక్కగా, రెండు గులకరాళ్ల సందులో, మట్టి రంగు మీద నల్ల చుక్కలతో, చెక్కు చెదరకుండా ఉంది.

నిన్న పొద్దున్నుంచి ఇప్పటి దాకా, ఒక పగలూ ఒక రాత్రీ, ఆ పిట్ట ఈ రాయి చుట్టూ తిరిగింది. రాయి ఎత్తే చేతులు దానికెక్కడివి? నిన్న ఒక్కసారి కిందికి చూసి ఉంటే చాలు, ఇది కనబడేది. లేసు కట్టుకునే వంకతో అంత దగ్గరగా కూర్చుని, చూపు పక్కకు తిప్పుకున్నాడు. ఇప్పుడు ఎక్కడ చూడాలో తెలియలేదు. విశాలాక్షి మొహం చూడలేకపోయాడు, పిట్ట వైపు చూడలేకపోయాడు. సిగ్గుతో ఒళ్లంతా మంటలెత్తింది. ఇంతకుముందు ఆమె చెయ్యి వేసిన భుజం మరీ మండింది.

మంతన్న గుడ్డును తాకలేదు. రాయిని దూరంగా, నల్ల వైపు కిందికి వచ్చేలా పెట్టాడు. పెట్టేముందు ఆ నేలను కాసేపు చూశాడు. తర్వాత అందరినీ వెనక్కి రమ్మని సైగ చేశాడు.

బలుసు పొద చాటున నలుగురూ కూర్చున్నారు. తీతువు అరుపు ఆగింది. దూరంగా వాలింది. నాలుగడుగులు పరుగెత్తి ఆగింది. మళ్లీ పరుగెత్తింది. గుడ్ల దగ్గరకొచ్చి ఒక పెంకు ముక్కను ముక్కుతో పట్టుకుని, దూరంగా తీసుకెళ్లి పడేసి వచ్చింది. ఇంకో ముక్క. ఇంకొకటి. పెద్ద పెంకులన్నీ పోయాక ఆ ఒక్క గుడ్డు ముందు నిలబడింది. చాలాసేపు నిలబడింది. మెల్లగా రెక్కలు సర్దుకుని దాని మీద కూర్చుంది.

విశాలాక్షి కొంగుతో కళ్లు తుడుచుకుని గుసగుసగా అడిగింది. “బతుకుతాదా పెద్దాయనా?”

“దానికే తెలియాల తల్లీ.”

ఓబులేసు మోకాళ్ల మీద తల పెట్టుకున్నాడు. “నీకు నిన్ననే తెలుసు గదా తాతా,” అన్నాడు, తల ఎత్తకుండానే.

“తొక్కిన సంగతి చీమలు చెప్పె. రాయి సంగతి చీమలు చెప్పలేదు.” మంతన్న పిట్టనే చూస్తూ అన్నాడు. “నువ్వూ చెప్పలేదు.”

నిన్న సాయంత్రం సంకటి ముద్ద ముందు ఒక్క మాట చెప్పి ఉంటే, ఈ రాయి నిన్ననే లేచేది. ఓబులేసుకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

“కింద చూడకుండా పెట్టినా తాతా.”

మంతన్న లేచి నిలబడటానికి శిష్యుడి భుజం ఊతంగా పట్టుకున్నాడు.

“మూడేండ్లలో నేను నీకు నేర్పింది అదొక్కటే గదరా అబ్బీ.”

ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే ఓబులేసు తట్టుకునేవాడేమో.

ఓబులేసు చేతికర్రను గురువు చేతిలో పెట్టాడు. ఈసారి మంతన్న తీసుకున్నాడు. ఆయన నడిచాడు. విశాలాక్షి, ఆమె భర్త నడిచారు. ముగ్గురూ ముందుకు వెళ్లేదాకా ఆగి, ఓబులేసు చివర నడిచాడు.

పది అడుగులు పోగానే, ఎవరి కాలో తగిలి ఒక రాయి తిరగబడి ఉంది. చింతగింజంత తేలుపిల్ల ఒకటి దాని పక్కన బిక్కుబిక్కుమంటూ ఉంది. ఓబులేసు కూర్చున్నాడు. అది తన చోటికి తాను పోయేదాకా రాయిని చేత్తో ఎత్తి పట్టుకుని కూర్చున్నాడు.